ఒక్కతీరుగా దోచు ఇంగ్లీషు మాటలు



ఇంగ్లీషుభాష నేడు మన యిండ్లలోనికి మందుసీసాతో వచ్చుచున్నది, గ్యాసుపొయ్యితో వచ్చుచున్నది, బ్యాంకుపుస్తకముతోను, పిల్లల ప్రోగ్రెస్ కార్డుతోను, పెండ్లిసంబంధపు టుత్తరముతోను వచ్చుచున్నది. కళాశాల మెట్లెక్కని గృహిణికిని దానితో పని తప్పుటలేదు. కావున ఆ భాషలో పోలికగల మాటలకు గల భేదములనుగూర్చి నాలుగు సంగతులు చెప్పదలచితిమి. మేమేమో గొప్ప పండితురాండ్రమై చెప్పుట గాదు. ఒకమారు చెడిపోయి నేర్చుకొన్నవారమగుటచే చెప్పుచున్నాము.

మేము ఇంగ్లీషుబడిలో చదివినవారము కాము. మా తండ్రిగారు వీధియరుగుమీద కూర్చుండబెట్టి అమరమును, శబ్దమంజరిని, పిమ్మట రఘువంశమున కొన్ని సర్గలను, భారతమున నాలుగైదు పర్వములను చెప్పిరి. వివాహమైన పిదప, పాఠశాలలో ఉపాధ్యాయులైన మా యింటివారు రాత్రి భోజనములైన తరువాత పిల్లల వాచకములతో మాకు ఇంగ్లీషు నేర్పిరి. పాతచదువువలన మాకొక యలవాటు ఏర్పడియుండెను. అమరములో ఒక్క వస్తువునకు పదియేసి, యిరువదియేసి పేర్లు వరుసగా వచ్చును గదా! సూర్యునకెన్ని పేర్లు! నీటికెన్ని పేర్లు! ఇంగ్లీషులోగూడ పోలికగల రెండు మాటలు కనబడినప్పుడెల్ల ఇవియు నట్టి పర్యాయపదములే యని తలంచి సాగిపోవుచుంటిమి. ఆ తలంపు ఒకనాడు మా చెల్లెలి చేతిగాజులను తీసికొనిపోయినది.

ఆమె మా పినతల్లిగారి కుమార్తె. మాకు రెండు వీధుల యవతల కాపురము. భర్త పొరుగూరిలో ఉద్యోగముచేయుచు శనివారమునకు మాత్రము ఇల్లు చేరుచుండెడివాడు. ఒక మధ్యాహ్నము ఆమె కాగితముల కట్టతో వచ్చి, "అక్కయ్యా! మా ప్రక్కింటివారు దుకాణము పెట్టుకొనుటకు అప్పు తీసికొనుచున్నారట. సాక్షి సంతకము చేసిపెట్టుమని అడిగినారు. ఇందులో నేమున్నదో చూచి చెప్పవూ?" అనెను. కాగితమంతయు సన్నని యచ్చు. సంతకము చేయవలసిన గీతక్రింద 'ష్యూరిటీ' యని యుండెను. 'ష్యూర్' అనగా నిశ్చయమని మేమెఱుగుదుము. కాబట్టి 'ష్యూరిటీ' యనగా ఈ సంగతి నిశ్చయమని పలుకువారు, అనగా సాక్షియే యని చెప్పితిమి. ఆమె మా మాట నమ్మి మా యింటి బల్లమీదనే, మా కలముతోనే సంతకము చేసినది.

సాయంకాలము మా యింటివారు వచ్చినపుడు ఆ సంగతి చెప్పితిమి. వారి ముఖము వెలవెలబోయినది. "సాక్షికి 'విట్నెస్' అని యుండవలయును. 'ష్యూరిటీ' యనగా పూచీ, జామీను. వారు కట్టకున్నచో నీ చెల్లెలు కట్టవలసియుండును" అనిరి. మఱునాడుదయమే పరుగెత్తితిమి. కాగితము అప్పటికే చేరవలసినచోటికి చేరినది. తరువాత రెండేండ్లకు దుకాణము మూతపడినది. ప్రక్కింటివారు ఊరు విడిచిరి. మా చెల్లెలి పేరిట తాఖీదు వచ్చినది. ఆమెకున్న నాలుగుజతల బంగారుగాజులలో మూడుజతలు ఆ యప్పుక్రింద పోయినవి.

ఆనాటినుండి మేమొక పుస్తకము పెట్టుకొంటిమి. ఎడమప్రక్క నొక మాట, కుడిప్రక్క దానికి పోలికగల మాట, నడుమ రెంటికిని గల భేదము వ్రాసికొనుచు వచ్చితిమి. అందులోనివి కొన్ని నేడు మీ ముందుంచుచున్నాము.

మన పెద్దలెఱిగినదే

విచారించిచూడగా ఈ జాగ్రత్త మాకు క్రొత్తగా తెలియవలసినది కాదు. త్వష్ట కథ మీరెఱుగుదురు. తన కుమారుడైన విశ్వరూపుని ఇంద్రుడు చంపగా, ఇంద్రుని చంపగల కుమారుని గోరి త్వష్ట హోమము చేసెను. ఆ మంత్రములోని 'ఇంద్రశత్రు' శబ్దమునకు స్వరమొకచోట నుండిన ఇంద్రుని చంపువాడని యర్థము; మఱియొకచోట నుండిన ఇంద్రుడే చంపువాడుగా గలవాడని యర్థము. స్వరము తప్పినది. పుట్టిన వృత్రుడు ఇంద్రునిచేతనే హతుడయ్యెను. అక్షరమొక్కటియు మాఱకుండగనే అంత యనర్థము జరిగినది. ఇక అక్షరము మాఱినచో చెప్పవలయునా? సకలమనగా అంతయు; శకలమనగా ముక్క. స్వజనమనగా తనవారు, శ్వజనమనగా కుక్కలు. చిన్ననాడు ఈ జంటలను తప్పుపలికినందుకు మా తండ్రిగారిచేత మొట్టికాయలు తినినవారమే. అయినను ఇంగ్లీషు దగ్గఱకు వచ్చునప్పటికి ఆ పాఠమును మఱచితిమి.

సంతకమునకు ముందు

మొదట మమ్ము దెబ్బతీసిన జంటనే చెప్పెదము. 'విట్నెస్' అనగా ఫలానావారు మా యెదుట సంతకము చేసినారని చెప్పువారు. అంతవఱకే వారి పని. అప్పుతో వారికి నిమిత్తము లేదు. 'ష్యూరిటీ' యనినను, 'గ్యారంటర్' అనినను, అప్పునకు పూచీపడినవారు. 1872వ సంవత్సరపు భారత కాంట్రాక్టు చట్టములోని 128వ సెక్షను ప్రకారము, ఒడంబడికలో వేఱువిధముగా వ్రాసికొననిచో, పూచీదారుని బాధ్యత అసలు ఋణస్థుని బాధ్యతతో సమానమే. అప్పిచ్చినవారు ముందుగా ఋణస్థునిమీద దావావేసి, రాబట్టలేక, ఆ తరువాతనే పూచీదారునివద్దకు రావలయునను నియమము లేదు. నేరుగా పూచీదారుని గుమ్మమెక్కవచ్చును. ఒక్క యూరట కలదు. పూచీదారు చెల్లించిన సొమ్మును ఋణస్థునివద్దనుండి రాబట్టుకొను హక్కును ఆ చట్టమే యిచ్చుచున్నది. ఈ సంగతి తెలియక ఊరకుండు స్త్రీలు పెక్కుమంది.

రెండవ జంట 'నామినీ', 'హెయిర్'. ఈ రెండవ మాటలో మొదటి అక్షరమైన 'హెచ్' పలుకదు. గాలికి చెప్పు 'ఎయిర్' వలెనే పలుకవలయును. నామినీ యనగా ఖాతాదారు మరణించిన పిదప ఆ సొమ్మును బ్యాంకునుండి అందుకొనుటకు పేరు వ్రాయబడినవారు. హెయిర్ అనగా వారసులు, అనగా ఆ సొమ్మునకు ధర్మముగా హక్కుదారులు. చాలమంది యీ రెండును ఒకటియే యనుకొందురు. బ్యాంకుఖాతాలో నామినీగా నున్నంతమాత్రమున సొమ్ము వారి స్వంతము కాదని 2010లో సుప్రీముకోర్టు చెప్పినది. నామినీ అందుకొనవచ్చును, పంపకము మాత్రము వారసత్వపు చట్టమునుబట్టియే. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము ప్రకారము, పురుషుడు వీలునామా లేక మరణించినచో భార్య, కుమారులు, కుమార్తెలు, తల్లి యీ యందఱును మొదటి తరగతి వారసులే. కావున భర్త ఖాతాలో నామినీగా మఱిదిపేరో, మామగారిపేరో యున్నదని భార్య తన హక్కు పోయినదని క్రుంగిపోవలసిన పనిలేదు. తన పేరు నామినీగా నున్నదని అత్తగారి భాగము లేదనుకొనుటయు తప్పే. జీవితభీమా విషయమున మాత్రము 2015లో చట్టము మాఱినది. తల్లిదండ్రులనుగాని, భార్యనుగాని, భర్తనుగాని, పిల్లలనుగాని నామినీగా వ్రాసినచో ఆ సొమ్ము వారిదే యగును. ఒక్క మాటకే బ్యాంకులో నొక యర్థము, భీమాలో మఱియొక యర్థము!

మఱియొకటి. ఇద్దఱిపేర ఖాతా తెఱచునపుడు 'ఐదర్ ఆర్ సర్వైవర్' అని యుండిన, ఇద్దఱిలో నెవరైనను సొమ్ము తీయవచ్చును. ఒకరు పోయిన రెండవవారు తీసికొనవచ్చును. 'జాయింట్లీ' యని యుండిన, ప్రతిమారును ఇద్దఱును సంతకము చేయవలయును. 'ఫార్మర్ ఆర్ సర్వైవర్' అని యుండిన, మొదటిపేరువారు జీవించియున్నంతవఱకు వారే తీయవలయును. రెండవపేరువారికి వారి తరువాతనే అధికారము. ఇక్కడ 'ఫార్మర్' అనగా సేద్యగాడు కాదు, ముందు చెప్పబడినవాడు. తెలుగక్షరములలో రెండును ఒక్కతీరుగనే యున్నవి గాని ఇంగ్లీషున వ్రాత వేఱు. ఇంటి యిల్లాలిపేరు రెండవదిగా నుండి ఈ మూడవ షరతు వ్రాసియున్నచో, భర్త ఆసుపత్రిలో మంచముపట్టి సంతకము చేయలేని దినమున ఆమె చేతికి చిల్లిగవ్వ రాదు. ఈ మూడింటిలో మీ పుస్తకముపై నేది యున్నదో నేడే చూచుకొనుడు.

'ప్రిన్సిపల్', 'ప్రిన్సిపుల్' అను జంటను మా యింటివారు తమ విద్యార్థులకు ఏటేట చెప్పుచునే యుందురు. చెవికి రెండును దాదాపొక్కటే. మొదటిదానికి కళాశాలాధిపతి యనియు, ముఖ్యమైన దనియు, అప్పులో 'అసలు' అనియు నర్థములు. రెండవదానికి నియమము, సూత్రము అని యర్థము. కావున అప్పు రసీదులో ఇంతసొమ్ము 'ప్రిన్సిపల్' క్రింద జమయైనదని యుండిన అసలు తగ్గినదన్నమాట. 'ఇంటరెస్ట్' క్రింద జమయైనదని యుండిన వడ్డీ మాత్రమే తీరినది, అసలు కొండవలె నట్లేయున్నదన్నమాట.

వంటయింటను, మందుల బీరువాలోను

ఇంగ్లీషులో కొన్ని మాటలకు ముందు 'ఇన్' చేర్చిన లేదను నర్థము వచ్చును. 'విజిబుల్' అనగా కనబడునది; 'ఇన్‌విజిబుల్' అనగా కనబడనిది. ఈ సూత్రము నేర్చినవారు 'ఫ్లేమబుల్' అనగా అంటుకొనునది గావున 'ఇన్‌ఫ్లేమబుల్' అనగా అంటుకొననిదని తలంచుట సహజము. ఇది ప్రాణాంతకమైన పొరపాటు. ఆ రెండు మాటలకును అర్థమొక్కటే: నిప్పు తగిలిన భగ్గున మండునది. అంటుకొననిదానికి 'నాన్‌ఫ్లేమబుల్' అని యనవలయును. లాటిన్ భాషలో 'ఇన్' అను ఉపసర్గము రెండువిధములు. ఒకటి లేమిని చెప్పును. మఱియొకటి లోనికి పోవుటను, మిక్కిలి యగుటను చెప్పును. ఇన్‌ఫ్లేమబుల్ అనుదానిలోనిది రెండవది. మనకిది వింతగాదు. 'విఫలము' అనుచోట 'వి' లేమిని చెప్పుచున్నది. 'విఖ్యాతి' యనుచోట అదియే 'వి' మిక్కిలియను నర్థము నిచ్చుచున్నది. విఖ్యాతి యనగా ఖ్యాతి లేకపోవుట యని యెవరైన చెప్పిన నవ్వుదుము గదా! ఇంగ్లీషువారికిని ఈ చిక్కు తప్పలేదు. 1920ల దశకమున అమెరికాలోని జాతీయ అగ్నిరక్షణ సంఘమువారు, జనులు పొరబడుదురను భయముచే, 'ఇన్' లేని మాటనే వాడుడని ప్రచారము చేసిరి. అయినను పాతమాట పూర్తిగా పోలేదు. స్పిరిటుసీసామీదగాని, గోళ్లరంగు చెఱుపు ద్రవముమీదగాని ఈ రెంటిలో నేది యున్నను పొయ్యికి, దీపమునకు దూరముగా నుంచుడు.

మందులలో 'టీస్పూన్', 'టేబుల్ స్పూన్' అను రెండు చెంచాలు గలవు. మొదటిది 5 మిల్లీలీటర్లు. రెండవది 15 మిల్లీలీటర్లు. అనగా ఒకటికి మూడింతలు. పొడియక్షరములలో మొదటిదానిని 'టీ-ఎస్-పీ' యనియు, రెండవదానిని 'టీ-బీ-ఎస్-పీ' యనియు వ్రాయుదురు. నడుమ 'బీ' యను నొక్క యక్షరమే భేదము. పసిబిడ్డ దగ్గుమందు విషయమున ఆ యక్షరమెంత పనిచేయునో చెప్పనక్కఱలేదు. వంటయింటి చెంచాలు ఒక్కొక్క యింట నొక్కొక్క పరిమాణముగా నుండును గాన, మందుతో వచ్చిన కొలతమూతతో మిల్లీలీటర్లు చూచి పోయుటయే క్షేమము.

చుక్కలమందు సీసాలమీద 'ఆఫ్తాల్మిక్' అని యుండిన కంటికి, 'ఓటిక్' అని యుండిన చెవికి. గ్రీకుభాషలో కంటికిని చెవికిని గల పేర్లనుండి ఈ మాటలు పుట్టినవి. సీసాలు రెండును ఒక్క తీరుననే చిన్నవిగా నుండును. కంటిమందును సూక్ష్మజీవులు లేకుండ శుద్ధిచేసి నింపుదురు. చెవిమందునకు అట్టి నియమము లేకపోవచ్చును. అందలి ద్రవ్యములు కంటిని మండించి గాయపఱుపవచ్చును. చీకటిలో తడవుకొని సీసా తీసి పోయరాదు. దీపము వెలిగించి మాట చదివి పోయవలయును.

'ఆల్టర్నేట్', 'ఆల్టర్నేటివ్' అనునవియు నిట్టివే. వైద్యుడు 'ఆల్టర్నేట్ డేస్' అని వ్రాసిన దినము విడిచి దినము వేసికొనవలయునని యర్థము. 'ఆల్టర్నేటివ్' అనగా ఇది దొరకనిచో దీనికి బదులు వేఱొకటి యని యర్థము. మొదటిది వరుసను చెప్పును. రెండవది బదులును చెప్పును.

తినుబండారముల పొట్లములమీద 'బెస్ట్ బిఫోర్' అనియు, 'యూజ్ బై' లేక 'ఎక్స్‌పైరీ' యనియు తేదీలుండును. బెస్ట్ బిఫోర్ అనగా ఆ తేదీవఱకు రుచియు, గుణమును చక్కగా నుండునని తయారుచేసినవారి మాట. ఆ మఱునాడే అది విషమైపోవునని యర్థము కాదు. యూజ్ బై, ఎక్స్‌పైరీ యనగా ఆ తేదీ దాటిన పిదప వాడరాదని నిషేధము. మొదటిదానిని చూచి మంచి సరకు పాఱవేయుట దుబారా. రెండవదానిని చూడక పిల్లలకు పెట్టుట ప్రమాదము.

ఉత్తరములలోను, మనుష్యుల గుణములలోను

పెండ్లిసంబంధములు చూచువారు 'హోమ్లీ' యను మాటను విరివిగా వాడుదురు. మన దేశపు ఇంగ్లీషులో హోమ్లీ యనగా ఇంటిపనులు తెలిసిన, ఆడంబరము లేని పిల్ల యని శ్లాఘన. అమెరికాలో నీ మాటను మనిషిని గుఱించి యనినచో, చూడ నంత బాగుండదని మర్యాదగా చెప్పుట! మా స్నేహితురాలొకరు అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబమునకు తమ కుమార్తెనుగూర్చి ఈ మాటయే వ్రాసిరి. వరుని తల్లి మన దేశమున పెరిగినదిగాన సంతోషించినది. అక్కడనే పుట్టిపెరిగిన వరుడు మాత్రము, "కన్నతల్లియే కూతురినిట్లు వ్రాయుటేమి?" అని యాశ్చర్యపడెనట. ఛాయాచిత్రము చేరినపిదప ఆ చిక్కు విడినది. సముద్రము దాటిన పడుచులేకాదు, సముద్రము దాటిన మాటలును స్వభావము మార్చుకొనును.

'చైల్డ్‌లైక్' అనగా పసిపిల్లలలోని నిష్కపటత్వమువంటి గుణము గలవారు. ఇది మెప్పు. 'చైల్డిష్' అనగా పెద్దవారైయుండియు పిల్లచేష్టలు చేయువారు. ఇది నింద. అట్లే 'వుమన్లీ' యనగా స్త్రీకి తగిన హుందాతనము గలది. 'వుమనిష్' అను మాటనో పిఱికివానిని, ఊరక కంటనీరు పెట్టువానిని నిందించుటకు పూర్వమునుండి వాడుచు వచ్చిరి. పురుషుని పిఱికితనమునకు మన జాతిపేరు పెట్టుటేల? సోదరీమణులారా, ఈ మాట యర్థమును తెలిసికొనుడు. వాడుకను మాత్రము మానుడు.

'సెన్సిబుల్', 'సెన్సిటివ్' అను జంట మా వీధిలో నొక తల్లిని పొరపెట్టినది. ఆమె చిన్నకుమార్తె ప్రోగ్రెస్ కార్డుమీద ఉపాధ్యాయిని 'సెన్సిటివ్' అని వ్రాసినది. వివేకవతి యని వ్రాసినారని తల్లి పొంగిపోయి అందఱకు చూపినది. వివేకము గలదనుటకు 'సెన్సిబుల్' అని యుండవలయును. 'సెన్సిటివ్' అనగా సున్నితమైన మనస్సు గలది, చిన్న మాటకే నొచ్చుకొనునది యని. ఆ యుపాధ్యాయిని తల్లికి చెప్పదలచినది, పిల్లను నలుగురిలో గద్దింపకుమని. మెప్పుగా చదువుకొన్నంతకాలము ఆ తల్లి పిల్లను నలుగురిలో గద్దించుచునే యుండెను. మేము అర్థము చెప్పిననాడు ఆమె చాలసేపు మాటాడలేదు.

'అన్‌ఇంటరెస్టెడ్' అనగా ఆసక్తి లేనివాడు. 'డిస్‌ఇంటరెస్టెడ్' అనగా ఆ వ్యవహారమున స్వలాభము లేనివాడు, పక్షపాతము లేనివాడు. తగవు తీర్చుటకు రెండవవాడు కావలయును గాని మొదటివాడు పనికిరాడు. ఇంగ్లీషువారిలోనే పలువురు ఈ రెంటిని కలిపివేయుదురు. మనమును 'ఉదాసీన' శబ్దమునకు అట్లే చేసితిమి. అర్థశాస్త్రమున ఉదాసీనుడనగా ఏ పక్షమును చేరని రాజు. నేటి తెలుగున ఉదాసీనత యనగా అశ్రద్ధ.

'ఇన్‌వాల్యుబుల్' అనుదానిని చూచి విలువలేనిదనుకొందురు. అది మన 'అమూల్యము' వంటిది. వెలకట్టరానంత గొప్పదని యర్థము. విలువలేనిది 'వాల్యూలెస్'. అమూల్యము, అనుత్తమము మొదలైన మాటలు తెలిసినవారు ఇక్కడ పొరబడ నక్కఱలేదు. అనుత్తమమనగా ఉత్తమము కానిది గాదు, దానికంటె ఉత్తమము వేఱొకటి లేనిది గదా!

మన భాష మిన్నయైన చోటు

భేదములన్నియు ఇంగ్లీషులోనే యున్నవని తలంపరాదు. అన్నభార్యయైన వదినెను, తమ్ముని భార్యయైన మఱదలిని, భర్త తోబుట్టువైన ఆడుబిడ్డను, భర్త సోదరుని భార్యయైన తోడికోడలిని ఇంగ్లీషువారు 'సిస్టర్-ఇన్-లా' యని యొక్కపేరనే పిలుతురు. ఆడుబిడ్డకును తోడికోడలికిని గల తారతమ్యము తెలియనివారికి ఒక్కపేరే చాలును గాబోలు! తోడికోడలికి మనవారు 'కో-సిస్టర్' అను క్రొత్తమాట కల్పించుకొనిరి; మన దేశము దాటిన నది యెవరికిని బోధపడదు. పినతల్లి కుమారుడు మనకు సోదరుడు; మేనమామ కుమారుడు బావ. ఇంగ్లీషులో ఇద్దఱును 'కజిన్'లే. కావున పరదేశపు కాగితములలో బంధుత్వము వ్రాయవలసినపుడు తల్లి సోదరుని కుమారుడనియో, తండ్రి సోదరి కుమారుడనియో విడమఱచి వ్రాయుట మేలు.

మేము నేర్చిన పద్ధతి

ఇంగ్లీషుమాటను తెలుగక్షరములలో వ్రాసికొనినపుడు భేదము మఱుగుపడును. కావున దాని యసలు వ్రాతను అక్షరమక్షరముగా చూడవలయును. తెలిసిన చిన్నమాట పెద్దమాటలో కనబడినదని దాని యర్థమునే దీనికి అంటగట్టరాదు. 'ష్యూరిటీ'లో 'ష్యూర్'ను చూచి మేము చేసినది అదియే. మా యింట నిఘంటువు లేకపోలేదు. ఆ మధ్యాహ్నము అది చేయిచాచిన యందునంత దూరముననే యుండెను. తెఱచి చూచియుండిన రెండు నిమిషములలో పోవును. చూడకపోవుటకు కారణము తీఱిక లేకపోవుట గాదు. చెల్లెలి యెదుట తెలియదని యొప్పుకొనుటకు నామోషీ. మాస్టరుగారి భార్యకు ఇంగ్లీషు వచ్చునను పేరు చెడునేమో యను సంకోచము. ఆ సంకోచమునకు వెల మేము చెల్లింపలేదు, ఆమె చెల్లించినది.

అందుచేత మా యింట నొక నియమము పెట్టుకొంటిమి. కాగితము వచ్చిన దినముననే సంతకము లేదు. ఒక రాత్రి అది యింట నిద్రింపవలయును. తెలియని ప్రతిమాటక్రింద పెన్సిలుగీత పడవలయును. ఆ గీతలన్నిటికిని అర్థము తెలిసినపిదపనే కలము తీయవలయును. తొందరపెట్టువారియెడల రెండింతలు జాగ్రత్త వహింపవలయును.

మా చెల్లెలు మమ్మొక్కమాటయు ననలేదు. ఆమె తీర్చిన సొమ్ములో సగము, ఇంటిఖర్చులో మిగిల్చి, నెలనెల మేమిచ్చుచున్నాము. మొదట వలదన్నది, మా యింటివారు స్వయముగా పోయి చెప్పినమీదట పుచ్చుకొన్నది. పూచీదారునకు గల హక్కుప్రకారము ప్రక్కింటివారికి తాఖీదు పంపించితిమి. వారును కొంచెము కొంచెముగా పంపనారంభించిరి. ఒక జత గాజులు తిరిగి చేయించుకొన్నది. ఇప్పుడామె ప్రతి శనివారము సాయంకాలము మా యింటికి వచ్చి మా పుస్తకములోని జంటలను తన పుస్తకములోనికి ఎక్కించుకొనుచున్నది. మొన్న పిల్లవాని బడికాగితము తెచ్చి, ఒక మాట క్రింద గీత గీసి, "అక్కయ్యా! దీనికి నీకు తెలిసిన యర్థము వలదు. నిఘంటువు తీయుము" అనెను.

నిఘంటువు తీసితిమి.